తుపాను వాన, పొంగే వాగులు, బంకుల్లో 'నో స్టాక్': దక్షిణ తెలంగాణ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ, అచ్చంపేట, మిర్యాలగూడ, కోదాడ వైపు ఉన్న చుట్టాలు, స్నేహితులు వానాకాలం చివర్లో నన్ను అడిగేవి దాదాపు ఇవే. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చిన వారంలో ఒకే జవాబు ఫోన్‌లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందుకే రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## వాన రాకముందు

సముద్రం ఎక్కడో ఉంది కదా, తుపాను మన నల్గొండ, పాలమూరును ఏం చేస్తుంది?

తీరం దాటాక తగ్గేది గాలి. వాన తగ్గదు. మొంథా 2025 అక్టోబర్ 28 రాత్రి గోదావరి జిల్లాల వైపు తీరం దాటి, తెల్లారేసరికి బలహీనపడింది. కానీ 29న దేవరకొండ, అచ్చంపేట, ఉప్పునుంతల వైపు కుండపోత పోసింది. కొమ్మేపల్లి గురుకులాన్ని నీళ్లు చుట్టుముడితే పిల్లలను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. డిండి వాగు ఉధృతికి లత్తీపూర్ దగ్గర హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు కోసుకుపోయి రాకపోకలు ఆగాయి.

అంతకుముందు 2009 అక్టోబర్‌లో అలంపూర్, రాజోలి మునిగినప్పుడు కూడా ఇంతే. సముద్రంలో పుట్టిన అల్పపీడనం, తుంగభద్ర, కృష్ణ పరీవాహకంలో కురిసిన వాన. శ్రీశైలానికి ఆ రోజుల్లో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ డ్యాం కట్టినప్పుడు లెక్కవేసుకున్నది 19 లక్షలే. 'మనది మెట్ట ప్రాంతం, మనకు వరదేంటి' అనే ధైర్యం పనికిరాదు.

ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్ట్ అంటే అసలు ఏం చేయాలి?

ఎల్లో అంటే వార్తలు చూస్తూ ఉండాలి. ఆరెంజ్ అంటే అన్నీ సర్దుకుని సిద్ధంగా ఉండాలి. రెడ్ అంటే ఇక కదలాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే 'భారీ', అక్కడి నుంచి 204.4 వరకు 'అతి భారీ', అది దాటితే 'అత్యంత భారీ'.

అయితే మీ మండలం రంగు ఒక్కటే చూస్తే చాలదు. మీ వాగు ఎక్కడి నుంచి వస్తుందో ఆ పై ప్రాంతం అలర్ట్ కూడా చూడండి. డిండి ప్రాజెక్టు కింద ఉన్నవాళ్లకు కల్వకుర్తి, వంగూరు వైపు పడే వాన ముఖ్యం. ఆ నీళ్లన్నీ దుందుభి వాగులో కలిసి కిందికే వస్తాయి. వలిగొండ, కేతేపల్లి వైపు మూసీ ఒడ్డున ఉన్నవాళ్లు హైదరాబాద్ వానను గమనించాలి. మీ ఊళ్లో ఎండ కాస్తుండగానే వాగు రావొచ్చు.

ముందుగానే ఎంత పెట్రోల్ తెచ్చి పెట్టుకోవాలి?

ఇంట్లో అసలు నిల్వ చేయొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా బండి ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటే చాలు. అంటే రిజర్వ్‌లో పడ్డాక బంకుకు వెళ్లే అలవాటును ఈ రెండు నెలలు మానుకోవడం. సగం ట్యాంకు ఉన్న బైక్ మనల్ని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ ఇంటికి తీసుకొస్తుంది. రెండు, మూడు రోజులు వానలో చిక్కుకున్న ఇంటికి అంతకంటే ఎక్కువ అవసరం ఉండదు.

క్యాన్‌లో తెచ్చి మంచం కింద పెట్టిన పెట్రోల్ ఆవిరి నేల మీదుగా పాకి పొయ్యి దాకా వెళ్తుంది. పైగా కరెంటు పోయిన రాత్రి ఇంట్లో దీపం వెలిగించుకుంటాం. వరద కంటే అదే పెద్ద ప్రమాదం.

పెట్రోల్ కాకుండా ఇంకేం చూసుకోవాలి?

నగదు. నెట్‌వర్క్ పోతే ఫోన్‌పే, గూగుల్ పే ఏవీ పనిచేయవు. బంకులోనూ మందుల షాపులోనూ నోట్లే చెల్లుతాయి. 100, 200 నోట్లలో ఒక 2 వేలు ఉంచుకోండి. బీపీ, షుగర్ మందులు పది రోజులకు సరిపడా తెచ్చుకోండి. కరెంటు ఉండగానే డ్రమ్ములు నింపండి, ఫోన్లు, పవర్ బ్యాంకులు ఛార్జ్ చేయండి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఒకే ప్లాస్టిక్ కవర్‌లో కట్టి పెట్టండి.

మా చెల్లికి నెలలు నిండాయి, ఉండేది తండాలో. నొప్పులు వచ్చాక 108కు ఫోన్ చేస్తే సరిపోదా?

సరిపోదు. వాగు దాటాల్సిన తండా అయితే ఆరెంజ్ అలర్ట్ రోజే ఆమెను మండల కేంద్రంలోనో, ఆసుపత్రి ఉన్న ఊళ్లోనో చుట్టాల ఇంటికి చేర్చండి. అంబులెన్స్‌లో డీజిల్ ఉన్నా, డ్రైవర్ ఎంత మంచివాడైనా, కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే బండి ఒడ్డునే ఆగుతుంది. ఆశ వర్కర్‌కూ ఏఎన్ఎంకూ ముందే చెప్పి ఉంచండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకూ ఇదే మాట. ఒక రోజు ముందుకు జరపమని సెంటర్‌లో అడగండి.

వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో ఉన్నాయి. ఇంకా కాంటా (తూకం) కాలేదు. ఎట్లా?

కొనుగోలుకు తేమ 17 శాతం లోపు ఉండాలి కాబట్టి ఒక్క రాత్రి వాన మొత్తం శ్రమను వెనక్కి తీసుకెళ్తుంది. కుప్పను ఎత్తైన చోటికి చేర్చి, చుట్టూ చిన్న కాలువ తీయండి. పరదా పైన కప్పితే సరిపోదు, కింద కూడా పరవాలి. చాలామందికి తడిసేది అడుగు నుంచే. పొలంలో కోతకు వచ్చిన వరి పడిపోయి గింజ మొలకెత్తేలా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లితే మొలక ఆగుతుంది.

## నీళ్లు వస్తున్నప్పుడు

వాగు మీద మోకాలి లోతు నీళ్లే ఉన్నాయి. రోజూ వెళ్లే రోడ్డే కదా, మెల్లగా దాటొచ్చా?

దాటొద్దు. ఇది నేను బతిమాలి చెప్పే మాట. పారే నీళ్లు పిక్కల దాకా లేకపోయినా మనిషి కాలు జారుతుంది. అడుగు లోతుకు చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులకు చాలా బండ్లు కొట్టుకుపోతాయి. బండి బరువు మనల్ని కాపాడుతుందనుకుంటాం. కానీ టైర్లలో, డోర్లలో ఉన్న గాలి దాన్ని పైకి లేపుతుంది.

ఇంకో సంగతి. బురద నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో పైనుంచి కనిపించదు. రోజూ వెళ్లే రోడ్డు నిన్నటి దాకా ఉన్న రోడ్డు. కల్వర్టు పక్కన మట్టి కోసుకుపోయి మధ్యలో గుంత పడి ఉండొచ్చు. మూసీ మీద సంగెం–బొల్లేపల్లి, రుద్రవెల్లి–జూలూరు లాంటి లోలెవల్ వంతెనల మీద నీళ్లు వచ్చిన ప్రతిసారీ రాకపోకలు ఆపేస్తారు. బారికేడ్ పెట్టిన పోలీసు మన మీద కోపంతో పెట్టలేదు. తిరిగి వెళ్లడానికి 40 కిలోమీటర్లు ఎక్కువైనా, పెట్రోల్ ఖర్చయినా, ఒక రాత్రి ఎవరింట్లోనో పడుకోవాల్సి వచ్చినా ఫర్వాలేదు.

వాన ఆగి మూడు గంటలైంది. అయినా మా చెరువు మత్తడి (అలుగు) ఇంకా ఎందుకు పెరుగుతోంది?

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. అందుకే వాన ఆగాక చాలా గంటలకు కింది ఊరికి పెద్ద నీళ్లు చేరతాయి. పై ఊళ్లో తెలిసినవాళ్ల నంబర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. వాళ్ల చెరువు పరిస్థితి తెలిస్తే మీకు రెండు గంటల ముందే హెచ్చరిక అందినట్టే.

కట్ట బయటి వైపు నుంచి మట్టి రంగు నీళ్లు ఊరుతున్నా, కట్ట మీద పగులు కనిపించినా, తూము పక్కన బుంగ పడినా చూస్తూ నిలబడొద్దు. కట్ట కింద ఉన్న ఇళ్లవాళ్లను లేపి పంపించి, వెంటనే ఇరిగేషన్ వాళ్లకూ తహసీల్దార్‌కూ చెప్పండి. తేటగా ఊరే నీళ్లకంటే బురదగా వచ్చే నీళ్లు ప్రమాదం. కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందని దాని అర్థం.

ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయి. ముందు ఏం చేయాలి?

కాళ్లు తడవకముందే మెయిన్ స్విచ్ ఆపేయండి. నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు. గ్యాస్ రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌ను గోడకు కట్టేయండి, లేకపోతే తేలిపోతుంది. కొట్టంలో బర్రెలు, ఆవులు, మేకల తాళ్లు విప్పేయండి. కట్టేసి ఉన్న పశువే చనిపోతుంది, విప్పిన పశువు చాలాసార్లు మిట్ట వెతుక్కుంటుంది. తర్వాత కాగితాల కవర్, మందులు తీసుకుని పిల్లలతో, పెద్దవాళ్లతో బయటపడండి. టీవీ, ఫ్రిజ్ గురించి ఆలోచించే సమయం కాదు.

ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రాణాపాయానికి 112. అంబులెన్స్ 108, ఫైర్ 101. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర స్థాయిలో 1070. తెగిన కరెంటు తీగకు 1912, గ్యాస్ లీకుకు 1906, పశువులకు 1962. ఇవి ఫోన్‌లోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి గోడకు అంటించండి. ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలం, పక్కన ఉన్న గుడి లేదా స్కూలు పేరు, ఎంతమంది చిక్కుకున్నారో ముందు చెప్పండి.

కరెంటు పోయిన కాసేపటికి ఫోన్ సిగ్నల్ కూడా ఎందుకు పోతుంది?

సెల్ టవర్ కరెంటు లేనప్పుడు బ్యాటరీ మీద, తర్వాత డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంది. రోడ్డు తెగి డీజిల్ చేరకపోతే టవర్ ఆగిపోతుంది. అందుకే మొదటి గంటల్లోనే 'మేం బాగున్నాం, ఫలానా చోట ఉన్నాం' అని ఒక ఎస్ఎంఎస్ పంపేయండి. కాల్ కలవని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్ఎంఎస్ వెళ్తుంది.

## బంకుల్లో 'నో స్టాక్' బోర్డు పడినప్పుడు

నిజంగానే పెట్రోల్ అయిపోయిందా? లేక కావాలని ఆపుతున్నారా?

చాలాసార్లు రెండూ కావు. పెట్రోల్ ఉంటుంది, మన ఊరి దాకా రాలేకపోతుంది.

తెలంగాణలో రిఫైనరీ లేదు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు, పారాదీప్ నుంచి హైదరాబాద్‌కు పైపులైన్లు ఉన్నాయి. పైపు భూమిలో ఉంటుంది కాబట్టి వాగు పొంగినా డిపోకు సరుకు మామూలుగా వస్తూనే ఉంటుంది. డిపో నుంచి బంకుకు వచ్చేది మాత్రం ట్యాంకర్ లారీ. ఆ లారీ రావాల్సిన రోడ్డే తెగుతుంది. 2024 సెప్టెంబర్ 1న కోదాడ, నందిగామ వైపు నీళ్లు వచ్చి హైదరాబాద్–విజయవాడ హైవే ఆగినప్పుడు బండ్లన్నీ నార్కట్‌పల్లి నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ట్యాంకర్ కూడా అంతే, ఆలస్యంగా వస్తుంది.

మిగతా కొరత మన చేతులతో మనమే తెచ్చుకునేది. ఒక లెక్క చూడండి. 12 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి బంకులో దిగింది. మామూలు రోజున బైక్‌కు 2 లీటర్ల చొప్పున పోయించుకుంటే 6,000 బండ్లకు సరిపోతుంది. అందరూ భయపడి ఫుల్ ట్యాంక్ అని 10 లీటర్లు పోయించుకుంటే 1,200 బండ్లకే అయిపోతుంది. 2024 జనవరి 2న లారీ డ్రైవర్ల నిరసన వార్త వినగానే హైదరాబాద్‌లో ఏం జరిగిందో గుర్తుందా? వాన చుక్క లేదు, ఏ రోడ్డూ తెగలేదు. మధ్యాహ్నానికే ఎన్నో బంకులు ఖాళీ అయ్యాయి. తుపాను రోజుల్లో వాట్సాప్‌లో 'రేపటి నుంచి పెట్రోల్ ఉండదు' అనే మెసేజ్ వస్తే దయచేసి ముందుకు పంపకండి. ఆ మెసేజే దాన్ని నిజం చేస్తుంది.

స్టాక్ ఉందంటారు, కానీ పోయట్లేదు. ఎందుకు?

పెట్రోల్ భూమిలో ట్యాంకులో ఉంటుంది. పైకి తోడే మోటార్‌కు కరెంటు కావాలి. జనరేటర్ లేకపోయినా, అది చెడిపోయినా లోపల వేల లీటర్లు ఉండి కూడా చుక్క రాదు. పక్క ఊరి బంకుకు పరుగెత్తే ముందు అక్కడ కరెంటు ఉందో లేదో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. వెతకడానికే ఉన్న పెట్రోల్ అయిపోయిన వాళ్లను చూశాను.

బండికి 200 రూపాయలకే పోస్తామంటున్నారు. ఇదేం న్యాయం?

న్యాయమే అని నేను గట్టిగా నమ్ముతాను. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియని రోజున అలా పంచితేనే క్యూలో చివర ఉన్నవాడికి కూడా ఇంటికి వెళ్లేంత దొరుకుతుంది. అంబులెన్స్, పాల వ్యాన్, కరెంటు లైన్‌మెన్ బండి, మోటార్లతో నీళ్లు తోడే ట్రాక్టర్ వస్తే ముందుకు పంపండి. లైన్‌మన్ బండిలో డీజిల్ ఉంటేనే మన ఊరికి కరెంటు వస్తుంది.

బాటిల్‌లో పెట్రోల్ పోయమంటే పోయట్లేదు. బండి దారిలో ఆగిపోయింది మరి?

ప్లాస్టిక్ బాటిల్‌లో పోయకపోవడం వాళ్ల తప్పు కాదు, భద్రతా నిబంధన. బండిని బంకు దాకా తోసుకురావడమో, ఆటో వెనుక కట్టి తేవడమో చేయండి. ట్రాక్టర్‌కు, మోటార్‌కు డీజిల్ కావాలంటే గట్టి మూత ఉన్న ఇనుప క్యాన్ తీసుకెళ్లండి. క్యాన్‌ను బండి మీద పెట్టి నింపకుండా నేల మీద పెట్టి నింపించుకోండి.

కిరాణా షాపులో లీటర్‌కు 50 రూపాయలు ఎక్కువ తీసుకుని అమ్ముతున్నారు. కొనొచ్చా?

కొనొద్దు. కల్తీ ఉందో, నీళ్లు కలిశాయో తెలియదు. లైసెన్స్ లేకుండా అమ్మడం నేరం కూడా. ఇళ్ల మధ్య డబ్బాల్లో పెట్రోల్ పెట్టి అమ్మే చోట నిప్పు అంటుకుంటే వీధంతా పోతుంది.

వరదలో మునిగిన బంకు మళ్లీ తెరిచారు. అక్కడ పోయించుకోవచ్చా?

అడిగి పోయించుకోండి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. బండికి ముందుగా అందేది ఆ అడుగుదే. ఒకసారి వరద తగ్గిన రెండో రోజు ఒక బంకులో పోయించుకుని అర కిలోమీటర్ వెళ్లేసరికి నా బండి ఆగిపోయింది. కార్బురేటర్ విప్పితే సగం నీళ్లు. ఆ పూట నేను మా అమ్మకు మందులు తేవడానికి బయల్దేరాను. అప్పటి నుంచి అడగడానికి మొహమాటపడను.

ట్యాంకులో నీళ్లు ఉన్నాయో లేదో చూడటానికి కొలకర్రకు ఒక పేస్ట్ పూసి దించుతారు. నీళ్లు తగిలితే దాని రంగు మారుతుంది. 'డిప్ వేసి చూపించండి' అని అడగండి. కొలతపై అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్రతో చూపించమనొచ్చు. బిల్లు తీసుకోండి. తేడా వస్తే బంకులో బోర్డు మీద ఉండే కంపెనీ నంబర్‌కూ, జిల్లా పౌర సరఫరాల అధికారికీ ఫిర్యాదు చేయండి.

జనరేటర్ తెచ్చుకున్నాం. వానకు తడుస్తోందని వరండాలో పెట్టొచ్చా?

వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీలకూ తలుపులకూ దూరంగా, బయట రేకు కింద పెట్టండి. నడుస్తుండగా పెట్రోల్ పోయొద్దు. ఆపి చల్లారాక పోయండి. జనరేటర్ వైరును ఇంటి ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించొద్దు. ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌ను చంపుతుంది. గంట నడిపి ఫోన్లు, ఫ్రిజ్ చూసుకుని ఆపేస్తే పెట్రోల్ కూడా మిగులుతుంది.

మా అమ్మాయి అమెరికాలో టెక్సాస్‌లో ఉంది. అక్కడ హరికేన్ వస్తే పెట్రోల్ దొరకట్లేదంటుంది. అంత పెద్ద దేశంలో కూడా ఇదేనా?

హరికేన్, తుపాను ఒకటే, అట్లాంటిక్‌లో పుడితే ఆ పేరు. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు టెక్సాస్ తీరంలో రిఫైనరీలు మూతపడ్డాయి. వరద లేని డల్లాస్‌లో కూడా జనం ఒక్కసారిగా బంకులకు వెళ్లి క్యూలు కట్టారు. 2012లో శాండీ తర్వాత న్యూజెర్సీలో కరెంటు లేక బంకులు ఆగిపోతే, నంబర్ ప్లేట్ సరి–బేసి చూసి రోజు మార్చి రోజు పోశారు. మనకున్న తేడా ఏంటంటే వాళ్లు కార్లలో ఊరు ఖాళీ చేసి వందల మైళ్లు వెళ్తారు, కాబట్టి ముందు రోజే కొరత మొదలవుతుంది. మీ అమ్మాయికి చెప్పాల్సింది ఒకటే: హెచ్చరిక రాకముందే ట్యాంకు నింపుకోమనండి, ఖాళీ చేయమంటే ఆలస్యం చేయొద్దనండి.

## నీళ్లు తగ్గాక

బైక్ మునిగింది. ఎండలో పెట్టి కిక్ కొడితే స్టార్ట్ అవుతుందా?

స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి పోతుంది, ముఖ్యంగా కారుకు. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లి ప్లగ్ తీయించి, ఇంజిన్ ఆయిల్, పెట్రోల్ మార్పించండి. ముందుగా నీళ్ల మట్టం కనిపించేలా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీ వరదకు వర్తించదు. ఫుల్ పాలసీ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే సాధారణంగా 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ తీసుకున్నవాళ్లకే డబ్బు వస్తుంది.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు రావట్లేదు. బోరు నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. నల్గొండ జిల్లాలో ఈ మాట స్పష్టంగా తెలియాలి. కాచితే క్రిములు చనిపోతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది, నీళ్లు ఇంకితే ఇంకా చిక్కబడుతుంది. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. నాలుగు రోజులు బోరు నీళ్లు తాగినందుకు టెన్షన్ పడొద్దు. వరద తర్వాత అసలు భయం వాంతులు, విరేచనాలు. కాబట్టి కాచే తాగండి. పసిపిల్లలకు మాత్రం దొరికితే క్యాన్ నీళ్లు ఇవ్వండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ టెక్నిక్' అని ఒక పద్ధతి ఉంది, కానీ పాళ్లు తెలియకుండా ఇంట్లో ప్రయత్నించొద్దు.

ఇంట్లో బురద ఊడుస్తుంటే పాము కరిచింది. మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లమంటున్నారు.

నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. కరిచిన కాలు కదపకుండా ఉంచి, నడిపించకుండా మోసుకెళ్లండి. విషానికి మందు ఇంజెక్షన్ ఒక్కటే. ఈ ఒక్క ప్రయాణం కోసమైనా వీధిలో ఒక బండిలో పెట్రోల్ మిగిలి ఉండేలా నలుగురూ ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.

నష్టపరిహారం ఎంత వస్తుంది? ఏం చూపించాలి?

కేంద్రం 2022 నుంచి 2026 వరకు పెట్టిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మనిషి చనిపోతే 4 లక్షలు, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.2 లక్షలు, పాలిచ్చే బర్రె లేదా ఆవుకు 37,500, గొర్రె, మేకకు 4,000. పంట 33 శాతం లేదా అంతకంటే ఎక్కువ పోతే హెక్టారుకు వర్షాధారమైతే 8,500, నీటి వసతి ఉంటే 17,000. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కోసారి ఎక్కువ ప్రకటిస్తుంది. 2024 వరదల తర్వాత ఎకరాకు 10 వేలు అన్నది అలాంటిదే.

పంటకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి చూసి పేరు రాసుకునే దాకా చేను దున్నేయొద్దు. చనిపోయిన పశువును పూడ్చే ముందు చెవి ట్యాగ్ కనిపించేలా ఫొటో తీసి, పశువైద్యుడితో కాగితం రాయించుకోండి. కౌలు రైతులు భూమి యజమానితో కలిసే వెళ్లి సర్వేలో తమ పేరు కూడా రాయించుకోవాలి. జాబితా పంచాయతీలో పెట్టిన రోజు వెళ్లి చదవండి, పేరు లేకపోతే అదే రోజు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి.